తలూపితే జవాబేనా?

మా అక్క కూతురికి పదకొండేళ్లు. స్వల్ప మేధో వైకల్యం ఉంది. పరీక్ష చేసినవాళ్లు "నీకు స్నేహితులు చాలామంది ఉన్నారా?" అంటే తలూపింది. "నీకెవరూ స్నేహితులు లేరా?" అన్నా తలూపింది. 'జవాబులు నమ్మదగినవి కావు' అని రాశారు. అప్పటినుంచీ ఈ ప్రశ్నావళులను సాహిత్య పాఠాల్లాగే చదువుతున్నాను. అడిగేదెవరు? ఎవరి భాషలో?

మేధో వైకల్యం ఉన్నవారు అవును-కాదు ప్రశ్నలకు 'అవును' వైపు మొగ్గుతారని 1981లోనే సిగల్‌మన్ బృందం చూపించింది. పెద్దవాళ్లు అడిగినప్పుడు ఔనంటే గొడవ ఉండదు. ఇది మనమూ చిన్నప్పుడే నేర్చుకున్న పాఠం కాదూ?

సుసాన్ హార్టర్ 1985లో 36 అంశాలతో తెచ్చిన స్కేలు "కొందరు పిల్లలు ఇలా, మరికొందరు అలా ఉంటారు, నువ్వెవరిలా?" అని అడుగుతుంది. ఏ జవాబుకీ సిగ్గుపడక్కర్లేదన్న భరోసా అందులో ఉంది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పిల్ల రెండు గుంపులనూ మనసులో నిలుపుకోవాలి, ఒకటి ఎంచుకోవాలి, అది పూర్తిగా నిజమా కొంచెం నిజమా తేల్చాలి. మనం కొలిచేది ఆత్మభావననా, వాక్యాన్ని మోసే శక్తినా?

అంతకుముందు 1984లో హార్టర్, పైక్ నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు బొమ్మల స్కేలు చేశారు. నాలుగు విభాగాల్లో ఒకటి 'తల్లి ఆమోదం'. అమ్మ ఇష్టమైనవి వండుతుందా, చదివి వినిపిస్తుందా? తండ్రికి విభాగమే లేదు. మార్కులు తగ్గితే లెక్క చెప్పాల్సింది ఎవరో వేరే చెప్పాలా!

ఈ పిల్లలు తమ సామర్థ్యాలను చదువు, ఆటలు అని విడదీసి చూసుకోరని సైలన్, హార్టర్ 1985లో రాశారు. దీన్ని లోపంగా చదవడం తేలిక. కానీ బళ్లోనూ, వీధిలోనూ, పెళ్లిళ్లలోనూ ఒకే మాటతో తనని కొట్టిపారేస్తుంటే, విడివిడిగా చూసుకునే చోటు ఆమెకెవరిచ్చారు?

కొలవొద్దని కాదు. అసలు అడగకపోతే, ఆ పిల్లకి తన గురించి ఓ అభిప్రాయం ఉంటుందనే ఎవరూ అనుకోరు. ప్రశ్నావళులు అనువదించే మిత్రులకు నా మనవి ఒకటే. ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచీ అడగండి, ఉదాహరణ చెప్పమనండి, ఆగండి.

మొన్న చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "నీకేం బాగా వచ్చు?" అన్నాను. సగం కాయలయ్యాక "చెల్లికి జడ వెయ్యడం" అంది. "ఏది కష్టం?" అంటే మళ్లీ చాలాసేపు మాట్లాడలేదు.

"త్వరగా చెప్పమంటే."