కన్నడలిపిలోని తెలుగు

పలమనేరు విడిచి నంగలి మీదుగా ముళబాగిలు త్రోవ పట్టినచో అంగళ్ల బల్లలమీది లిపి మాఱును గాని సంతలోని మాట యంతగా మాఱదు. కోలారు, చిక్కబళ్లాపురము జిల్లాల తెలుగువారిలో పెక్కురు కన్నడబడులలో చదివినవారు. ఇంట తెలుగు, పలకమీద కన్నడము. వారి కవి కైవారము నారాయణప్ప. 1726లో జన్మించి, గాజులమ్మి బ్రదికి, పిదప విరాగియై రెండు భాషలలోను పాడెనని చెప్పుదురు. ఆయన తెలుగు పద్యములను అచటి భక్తులు కన్నడలిపిలో అచ్చొత్తించుకొని చదువుచున్నారు.

అమరనారేయణ శతకమును చేతబట్టిన పండితుడు భాష మోటని పెదవి విఱుచును. గురువు, ఆత్మ, మాయ యని చెప్పినదే చెప్పుట మాకును విసుగే. అయినను ఇవి చెవికై పుట్టిన పద్యములు. తెలుగక్షర మెఱుగని గృహిణులు వీనిని నోటికి నేర్చిరి. వారి నోటనే యీ భాష నిలిచినది. ఆ నోళ్లు మూతవడిన పిదప నేమగునన్నదే మా దిగులు.

సెర్బియాలో నోవిపజారు ప్రాంతపు బోస్నియాకుల సంగతి దీనికి విపర్యయము. వారి పలుకు పొరుగు సెర్బుల పలుకునకు మిక్కిలి చేరువ. అయినను బోస్నియాభాష యని పేరిడి బడిలో చోటు సాధించిరి. మనవారి భాషయే వేఱు, అడుగు నోరు మాత్రము లేదు!

ఎదురెదురు పుటల రెండు లిపులును గల శతకప్రతి మదనపల్లె, పుంగనూరు, కుప్పము గ్రంథాలయములందును, కైవారపు ఇండ్లయందును ఉండవలెను. అవ్వ చదివిన పద్యమునే మనుమరాలు తెలుగక్షరములలో గుర్తుపట్టుటకు వారము దినములు చాలును.