ఒత్తి కత్తిరించి, అద్దం తుడిచి

అమెరికాలో మిషిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డున మిషిగన్ సిటీ అనే రేవు ఉంది. 1861లో అక్కడి లైట్‌హౌస్ దీపం చూసుకునే ఉద్యోగం హ్యారియట్ కోల్‌ఫాక్స్‌కి దక్కింది. అప్పటికి ఆమె వయసు 37. పెళ్లి చేసుకోలేదు. అంతకుముందు సంగీతం చెప్పేది, పత్రికాఫీసులో అచ్చక్షరాలు కూర్చేది. మనిషి బక్కపలచన. దాయాది స్కైలర్ కోల్‌ఫాక్స్ కాంగ్రెస్ సభ్యుడు, తర్వాత ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. సిఫార్సు ఉద్యోగమని ఊరు గొణిగింది. సిఫార్సు నిజమే. అయితే సిఫార్సుతో వచ్చిన మనిషి 43 ఏళ్లపాటు, ఎనభయ్యో ఏట దాకా నూనె డబ్బా మోస్తుందని ఆ గొణిగినవాళ్లు ఊహించి ఉండరు.

ఆ నూనె సంగతే ముందు చెప్పుకోవాలి. తొలి రోజుల్లో అమెరికా లైట్‌హౌసులు తిమింగలం నూనెతో వెలిగేవి. అది ప్రియం కావడంతో పందికొవ్వు నూనె వచ్చింది. చలికి అది నెయ్యిలా పేరుకుపోతుంది. అందుకని పొయ్యి మీద కాచి, వేడి చల్లారకముందే దీపంలో పోయాలి. హ్యారియట్‌కి ఒడ్డున ఉన్న లైటుతో పాటు సరస్సులోకి చొచ్చుకుపోయిన కట్ట చివర ఇంకో దీపం కూడా ఉండేది. గాలివాన రాత్రుల్లో అలలు కట్ట మీదుగా దూకుతుంటే కాచిన నూనె పట్టుకుని అక్కడిదాకా నడవాలి. ఒక్కోసారి ఆమె చేరేలోపే నూనె గడ్డకట్టేది. వెనక్కి వచ్చి, మళ్లీ కాచి, మళ్లీ బయల్దేరేది. ఇవన్నీ ఆమె లాగ్ పుస్తకంలో గాలి, వాన, వచ్చిపోయిన ఓడల లెక్కల పక్కనే పొడి మాటల్లో ఉంటాయి. తర్వాత వచ్చిన కిరసనాయిలు ఈ బాధ తప్పించింది.

ఒత్తి పని ఇంకా సున్నితం. కాలిన కొసను తిన్నగా కత్తిరించకపోతే మంట ఒక పక్కకు ఎగదన్ని పొగ వదులుతుంది. పొగ వస్తే చిమ్నీకి మసి పడుతుంది. మసి పడితే వెలుగు తగ్గి, దూరాన ఉన్న ఓడకు తీరం ఎక్కడుందో తెలియదు. అందుకే నడిరాత్రి లేచి మళ్లీ మెట్లెక్కి ఒత్తి సరిచేయాల్సి వచ్చేది. సూర్యాస్తమయానికి వెలిగించి సూర్యోదయానికి ఆర్పడం నియమం. ఆర్పగానే నిద్రపోవచ్చనుకుంటే పొరపాటే. ఉదయం 10 గంటలకల్లా ఒత్తులు, నూనె, అద్దాలు రాబోయే రాత్రికి సిద్ధమై ఉండాలి.

1850లలో ఫ్రెనెల్ లెన్సులు అమెరికా తీరమంతా వచ్చాయి. ఇత్తడి చట్రాల్లో బిగించిన పట్టకాల వరసలు, చెదిరిపోయే వెలుగును వంచి ఒకే దిక్కుకు పంపుతాయి. చిన్న మంట మైళ్ల దూరం కనబడేది అందువల్లే. వాటిని ముట్టుకునే మనిషి బొత్తాము గీత పడకుండా నారబట్ట ఆప్రాన్ కట్టుకోవాలి, దుమ్ము దులిపాకే తడి తగిలించాలి, స్పిరిట్‌తో మరకలు తీసి మెత్తటి తోలుతో మెరుగుపెట్టాలి. పగలంతా తెరలు దించి ఉంచాలి. రాత్రి వెలుగును బయటికి పంపే ఆ లెన్సే పగలు ఎండను లోపలికి లాగి నిప్పు పెట్టగలదు మరి! తిరిగే దీపాలకు గడియారంలో లాగా బరువులు వేలాడేవి. అవి కిందికి దిగినప్పుడల్లా చేత్తో తిప్పి పైకెక్కించాలి.

పొగమంచు కమ్మితే దీపం ఎందుకూ కొరగాదు, గంటే దిక్కు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఏంజెల్ ఐలాండ్ దీపం చూసే జూలియెట్ నికల్స్ దగ్గర 1906 జూలైలో గంట కొట్టే యంత్రం పాడైంది. ఆమె సుత్తి అందుకుని 20 గంటల 35 నిమిషాలు చేత్తోనే గంట మోగించింది. నాకు ఈ కథలో ఆశ్చర్యం కలిగించేది ఆమె ఓర్పు ఒక్కటే కాదు, ఆ 35 నిమిషాలు కూడా. కొడుతూనే లెక్క పెట్టిన మనిషి ఆమె.

ఇంత పని ఆడవాళ్ల చేతికి ఎలా వచ్చింది? ప్రభుత్వానికి ఆదర్శాలేమీ లేవు. 1776లో మసాచుసెట్స్‌లోని గర్నెట్ పాయింట్ దీపం హన్నా థామస్ చేతికి వచ్చింది, స్వాతంత్ర్య యుద్ధానికి వెళ్లిన భర్త చనిపోవడం వల్ల. ఆ తర్వాత కూడా చాలామందిది ఇదే దారి. మన ఆఫీసుల్లో కారుణ్య నియామకం లాంటిదే అది. కాకపోతే ఇక్కడ ఆ విధవరాలికి పని అప్పటికే వచ్చు. భర్త ఓడరేవుకు వెళ్లినా, మంచాన పడ్డా దీపం వెలిగించింది ఆమే. లైట్‌హౌస్ ఉద్యోగులకు 1918 దాకా పింఛను లేదు. ఏళ్ల తరబడి జీతం లేకుండా పని నేర్చుకున్న మనిషి సర్కారుకు దొరికింది, కుటుంబానికి పింఛను ఇవ్వాల్సిన పనీ తప్పింది. ఇది దయ కాదు, బేరం.

న్యూయార్క్ రేవులో రాబిన్స్ రీఫ్ లైట్‌హౌస్ చుట్టూ నీళ్లే. అక్కడ దీపం చూసే జాన్ వాకర్ న్యుమోనియాతో చనిపోతే భార్య కేట్, జర్మనీ నుంచి వలసవచ్చిన నాలుగడుగుల పది అంగుళాల మనిషి, దీపం అందుకుంది. ముందు ఆ ఉద్యోగం మగవాళ్లకు ఇవ్వజూపారు. అంత ఒంటరి చోటు మాకొద్దన్నారు. కేట్‌కి అధికారికంగా పదవి ఇవ్వడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆమె పిల్లల్ని పడవలో తెడ్డేసుకుంటూ స్టేటెన్ ఐలాండ్ బడికి దింపేది, 1919 దాకా ఆ దీపాన్నే చూసుకుంది.

పత్రికలకు మాత్రం నచ్చింది రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఉన్న ఐడా లూయిస్. పక్షవాతంతో తండ్రి మంచాన పడితే చిన్నతనం నుంచే లైమ్ రాక్ దీపం చూసింది, మునిగిపోతున్నవాళ్లను ఎందరినో పడవలోకి లాగి బతికించింది. 1869లో హార్పర్స్ వీక్లీ ముఖచిత్రమైంది, అధ్యక్షుడు గ్రాంట్ ఆమెను చూడడానికి వచ్చాడు. పదవి తన పేరుకు మారింది మాత్రం 1879లోనే. ఐడా ధైర్యం తక్కువేం కాదు. అయినా నా తూకంలో మునిగినవాళ్లను లాగడం కన్నా, మునగకుండా చూసిన రాత్రులే బరువైనవి. ఏమీ జరగని రాత్రి లాగ్ పుస్తకంలో ఒక పంక్తి, పత్రికల్లో అదీ లేదు.

కరెంటు వచ్చాక ఈ విద్యకు పని లేకుండా పోయింది. మేరీలాండ్‌లో టర్కీ పాయింట్ దగ్గర ఫానీ సాల్టర్‌కి 1925లో భర్త పోయాక వయసు మీరిందని ఉద్యోగం నిరాకరిస్తే, అధ్యక్షుడు కూలిడ్జ్ జోక్యంతో అది దక్కింది. 1943లో అక్కడ కరెంటు దీపం పెట్టారు. అప్పటిదాకా రోజుకు పలుమార్లు బురుజెక్కిన మనిషికి ఇక మిగిలింది స్విచ్చి నొక్కడమే. 1947లో రిటైరైంది. అమెరికా లైట్‌హౌసుల్లో చివరి పౌర మహిళా ఉద్యోగి ఆమే.

అమెరికా తీర రక్షక దళం 1990లలో బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) చూసుకునే 14 ఓడలు కట్టించి వాటికి పాతకాలపు లైట్‌హౌస్ కీపర్ల పేర్లు పెట్టింది. అందులో అయిదు ఆడవాళ్లవి. మొదటి ఓడ ఐడా లూయిస్, రెండోది కేథరిన్ (కేట్) వాకర్. 43 ఏళ్లు దీపం చూసుకున్న హ్యారియట్ కోల్‌ఫాక్స్ పేరు ఆ జాబితాలో లేదు.