చిన్న రైలుకు రేపల్లె బండి నడక

తెనాలి జంక్షన్‌లో రెండు రకాల వేగాలు పక్కపక్కనే కనిపిస్తాయి. విజయవాడ–గూడూరు మెయిన్ లైన్ మీద 2022 నుంచి గరిష్ఠ వేగం గంటకు 130 కిలోమీటర్లు. నిడుబ్రోలు, బాపట్ల, చీరాల మీదుగా చెన్నై వైపు వెళ్లే సూపర్‌ఫాస్టులు ఆ పట్టాల మీద దూసుకుపోతాయి. తెనాలిలోనే పక్కకు తిరిగి, వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ, వరిచేల మధ్య సుమారు 34 కిలోమీటర్లు సాగి రేపల్లెలో ఆగిపోయే సింగిల్ లైన్ ఇంకొకటి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో వేసిన గుంటూరు–రేపల్లె మార్గంలో అదో భాగం. కాచిగూడలో బయల్దేరే డెల్టా ఎక్స్‌ప్రెస్‌కు ఆఖరి మజిలీ ఈ రేపల్లే.

ఇంట్లో మోడల్ రైలు పెట్టుకోవాలనుకునేవారి మనసు ముందు సూపర్‌ఫాస్ట్ మీదికే పోతుంది. నిజానికి చిన్న రైలును అసలు బండిలా నడపడం నేర్చుకోవాలంటే రేపల్లె లైనుకు మించిన బడి లేదు.

అట్టపెట్టెలో కొన్న రైలును పట్టాల మీద పెట్టి కంట్రోలర్ పూర్తిగా తిప్పితే ఏమవుతుంది? ఇంజిన్ సెకనుకు ఒక మీటరు పరిగెత్తిందనుకుందాం. ఎక్కువగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ కొలతలో మోడల్, అసలు బండిలో 87వ వంతు. ఆ లెక్కన సెకనుకు మీటరంటే గంటకు 313 కిలోమీటర్లు! పెయింటు ఎంత నికార్సుగా ఉన్నా, బోగీ మీద అక్షరాలు ఎంత చక్కగా కుదిరినా, ఆ పరుగు చూడగానే అది బొమ్మ అని కంటికి తెలిసిపోతుంది.

రైలును 87వ వంతుకు కుదించినప్పుడు వేగాన్నీ అంతే కుదించాలి. కాలాన్ని మాత్రం ముట్టుకోకూడదు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర సైకిల్ ఆపుకుని నిలబడ్డ ప్రతి డెల్టావాసికీ ఈ లెక్క అనుభవమే. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల గూడ్సు పొడవు ఇంజిన్ కాకుండానే దాదాపు 620 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంతో పోతే గేటు దాటడానికి 37 సెకన్లు పడుతుంది. మోడల్‌లో ఆ వ్యాగన్ల వరస ఏడు మీటర్ల పైచిలుకు, వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. చిన్న గేటు దగ్గరా అదే 37 సెకన్లు నిలబడాలి. అంతకు ముందే దాటిపోయిందంటే డ్రైవర్ తొందరపడుతున్నాడన్నమాట.

కొలవడం కష్టమేమీ కాదు. పట్టాల పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టాలి. ఇంజిన్ ముక్కు మొదటి గుర్తు నుంచి రెండోదానికి చేరడానికి పట్టిన సెకన్లతో 313ను భాగిస్తే, గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. ఐదు సెకన్లయితే 60కి కాస్త పైన, పది సెకన్లయితే 30కి కాస్త పైన. అసలు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవారు కిలోమీటరు రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టి 3,600ను భాగించే పద్ధతే ఇది.

అసలు చిక్కు పరుగులో లేదు, ఆగడంలో ఉంది.

కరెంటు తీసేసినా అసలు రైలు చాలా దూరం దొర్లుతుంది. చిన్నది ఉన్నచోటే టక్కున నిలిచిపోతుంది. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేగం 87వ వంతయితే, ఒరిపిడి నిష్పత్తి అంతే ఉన్నా, దూరం 7,569వ వంతుకు పడిపోతుంది. కొలత ప్రకారం రావలసిన దూరంలోనూ అది 87వ వంతే. బరువు సంగతీ అలాంటిదే. 123 టన్నుల డబ్ల్యూఏపీ–7 ఇంజిన్‌ను ఇదే కొలతకు కుదిస్తే 187 గ్రాములు. ప్రకృతి ఇవ్వని ఆ జడత్వాన్ని మనిషి తెచ్చిపెట్టాలి. అందుకే మంచి మోడళ్లలో మోటారు ఇరుసుకు ఇత్తడి ఫ్లైవీల్ తగిలిస్తారు.

మిగతా పని ఎలక్ట్రానిక్స్‌ది. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన విధానం ఆధారంగా, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణాలను ఖాయం చేసింది. ఇంజిన్ లోపలి డీకోడర్‌లో ‘సీవీ’ అనే అంకెల గదులు ఉంటాయి. మూడోది వేగం పుంజుకునే తీరును, నాలుగోది తగ్గే తీరును, ఐదోది గరిష్ఠ వేగాన్ని నిర్ణయిస్తాయి. మెరుగైన డీకోడర్ మోటారుకు కరెంటును క్షణంలో చిన్న భాగంపాటు ఆపి, తిరుగుతున్న మోటారే పుట్టించే వోల్టేజీని చదువుతుంది. వేగం తగ్గితే శక్తి కాస్త పెంచుతుంది. వంపులోనైనా బరువులోనైనా బండి తడబడకుండా పాకడం దీని చలవే. ఈ సీవీలలో మొదట సరిచూసుకోవలసింది ఐదోది. గరిష్ఠ వేగాన్ని లైనుకు తగ్గట్టు కట్టేస్తే, ఉత్సాహం ఆపుకోలేని చేతులు కంట్రోలర్‌ను ఎంత తిప్పినా బండి హద్దు దాటదు.

నిదానంగా నడిచే బండికి మురికి పెద్ద శత్రువు. సూర్యలంక సముద్రం బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉప్పుగాలికి, తేమకు ఇత్తడి పట్టాలు త్వరగా నల్లబడతాయి, ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. ఈ ప్రాంతంలో నికెల్ సిల్వర్ పట్టాలే మేలు. వాటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తరచూ తుడవాలి. పాయింట్ల దగ్గర క్రాసింగ్ ముక్క ప్లాస్టిక్‌దయితే నెమ్మదిగా వచ్చే ఇంజిన్ దానిమీదే ఆగిపోతుంది. లోహపు క్రాసింగ్ పెట్టి, దారి మారినప్పుడల్లా దాని కరెంటు కూడా మారేలా చూసుకోవాలి.

గేజీ తేడా గురించి కొందరు బెంగపడతారు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతంటే 19 మిల్లీమీటర్ల పైన, మామూలు హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. కదిలే బండి కింద ఆ తేడా అంతగా కళ్లబడదు. వేగంలో తేడా ఎక్కడా దాగదు.

న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రాంక్ ఎలిసన్ తన మోడల్ రైల్వేకు ‘డెల్టా లైన్స్’ అని పేరు పెట్టుకున్నారు. అది మిసిసిపీ డెల్టా, మనది కృష్ణా డెల్టా. పట్టాలు, స్టేషన్లు పేర్చిన లేఅవుట్ ఒక రంగస్థలమనీ, రైళ్లు నటులనీ, టైంటేబుల్ నాటక కథ అనీ 1944లో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికలో ఆయన వివరించారు. సత్యభామ పాత్రతో పేరుపొందిన స్థానం నరసింహారావు పుట్టిన బాపట్ల ప్రాంతానికి, నడకతోనే పాత్ర నిలబడుతుందని ఒకరు చెప్పక్కర్లేదు. మన దేశంలో ఈ కళను చూడాలనుకునేవారికి పుణెలోని కొత్రూడ్‌లో భావూసాహెబ్ జోషి నెలకొల్పిన మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. 1998 నుంచి అక్కడ చిన్న ఊరంతా కదులుతూ కనిపిస్తుంది.

మెయిన్ లైన్ వేగాలకు ఇంట్లో చోటు చాలదు. డిస్టెంట్ సిగ్నల్ హోమ్ సిగ్నల్‌కు కిలోమీటరు ముందుంటుంది. మోడల్‌లో అదే పదకొండున్నర మీటర్లు. రేపల్లె లాంటి చివరి స్టేషన్ అయితే కాస్త కుదించి ఐదు మీటర్ల బల్ల మీద ఇమడ్చవచ్చు. ఎనిమిది ఐసీఎఫ్ బోగీలు రెండు మీటర్లు. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి వేగాన్ని, అసలు బండి లెక్కలో, ప్రతి సెకనుకూ సెకనుకు 0.3 మీటరు చొప్పున తగ్గిస్తే, 28 సెకన్లలో, మోడల్‌లో 1.3 మీటర్లలో ప్లాట్‌ఫారం మీద కుదురుగా నిలుస్తుంది.

తర్వాత ఇంజిన్ విడిపోయి, పక్క లూప్‌లో 15 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు ఐదు సెంటీమీటర్లకు లోపే, వెనక్కి నడిచి రెండో కొసకు చేరాలి. బోగీకి ఆనే ముందు చివరి పది సెంటీమీటర్లకు ఆరు సెకన్లు. అసలు స్టేషన్‌లో ఇక్కడ ఒక మనిషి ఇంజిన్‌కూ బోగీకీ మధ్యకు దిగి కప్లింగ్ తగిలిస్తాడు, బ్రేకు పైపులు కలుపుతాడు, బ్రేకులు పట్టేదీ లేనిదీ పరీక్షిస్తారు. ఆ పనికి మోడల్‌లో మనిషి లేకపోయినా సమయం ఉండాలి. ఇంజిన్ తగిలాక బండిని ఐదారు నిమిషాలు కదలనివ్వకుండా నిలిపి, ఆ తర్వాతే తెనాలి వైపు స్టార్టర్ సిగ్నల్‌ను పచ్చకు మార్చాలి.