ఎరువు సరే, తిరగేసే చెయ్యెవరిది?

తిండి వృథాకి విరుగుడుగా ఇంటింటా కంపోస్టు కుండ, కాలనీకో కంపోస్టు గుంట అనే మాట పర్యావరణ రచనల్లో మంత్రమైపోయింది. శాస్త్రంతో పేచీ లేదు. చెత్తదిబ్బలో గాలాడకుండా పూడుకుపోయిన అన్నం, కూరగాయ తొక్కలు మీథేన్ పుట్టిస్తాయి. అదే తడిచెత్తకి ఎండుటాకులు కలిపి, గాలి తగిలేలా తిరగేస్తూ ఉంటే కొన్ని నెలల్లో మట్టివాసన వేసే ఎరువు అవుతుంది. పేచీ అంతా ఆ 'తిరగేస్తూ' దగ్గరే. ఈ రచనల్లో క్రియ ఉంటుంది, కర్త ఉండడు.

ఇదేం కొత్త కాదు. ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ 1931లో అచ్చేసిన పుస్తకం ఇండోర్ పద్ధతిని లోకానికి పరిచయం చేసింది: చెత్త, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద కలిపి పేర్చి తిరగెయ్యడం. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య రూపొందించిన పద్ధతిలో పట్టణపు చెత్తతో పాటు మనిషి మలాన్నీ కందకాల్లో పొరలుగా వేస్తారు. మలం కందకం దాకా తనంతట తాను నడిచి రాదు గదా! తెలుగు పట్టణాల్లో ఆ తట్టలు రెల్లి, మెహతర్ పేటల నెత్తిమీదే ఉండేవి.

ఈ రెంటి మధ్యలో, 1936 నవంబరులో, గాంధీ 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎలా ఉండాలో రాశాడు. మరుగుదొడ్డి సరిగ్గా ఎలా కట్టాలో, మలమూత్రాల్ని ఎరువుగా ఎలా మార్చాలో అతనికి తెలిసుండాలట. ఆశ్రమంలో అందరిచేతా దొడ్లు కడిగించినవాడే గాంధీ, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆశ్రమం గేటు దాటాక ఊరికి మాత్రం భంగీని అట్టే పెట్టాడు, కాస్త చదువు చెప్పి. విద్య వస్తుంది, చీపురు పోదు. అదే ఏడాది అంబేద్కర్ 'కుల నిర్మూలన' అచ్చయింది.

'ఆహార వృథా' అనే మాటా అంత అమాయకమైంది కాదు. కులం ఎరిగిన మాట మన భాషలో ఉంది: ఎంగిలి. ఓంప్రకాష్ వాల్మీకి 1997లో హిందీలో తెచ్చిన ఆత్మకథ పేరే 'జూఠన్'. పెళ్లి విస్తళ్లలో మిగిలిన పూరీ ముక్కల్ని ఎండబెట్టి వానాకాలానికి దాచుకునే కుటుంబం అందులో కనిపిస్తుంది. అక్కడ వృథా లేదు, ఎందుకంటే దాన్ని తినడానికో కులం ఉంది. పెళ్లింటి పెద్ద అవమానిస్తే ఆ తల్లి ఎంగిలి బుట్టని అక్కడే బోర్లిస్తుంది, మళ్లీ ఎంగిలి ముట్టదు. వృథా తగ్గించడమే గీటురాయి అయితే ఆమె చేసింది నేరం కావాలి. ఏ పర్యావరణవాది వేస్తాడీ లెక్క?

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తల్ని పుట్టిన ఇంట్లోనే వేరు చెయ్యమన్నాయి. నాకు నచ్చిందల్లా ఇదే: ఎవరి ఎంగిలిలో వాళ్ల చెయ్యే పెట్టాలి. ఇంటి కంపోస్టుని సమర్థించాల్సింది అందుకు, గులాబీ మొక్కల కోసం కాదు. అయితే ఆ కుండ పనిమనిషి చేసే పనుల్లో ఇంకోటై కూర్చుంటే, జీతం పెరగకుండా కంపు పెరుగుతుంది, అంతే.

'కమ్యూనిటీ' కంపోస్టు సంగతి మరీను. మన ఆఫీసుల్లో కమ్యూనిటీ సర్టిఫికెట్ అంటే కులం కాగితం. ఇక్కడా ఆ అర్థమే సరిపోతోంది. గుంట దగ్గర పనికి ఎవర్ని పెట్టారు, కూలి ఎంత, చేతికి తొడుగులున్నాయా, ఎరువు అమ్మిన డబ్బు ఎవరి జేబులోకి పోయింది, ఇవి రాయని కరపత్రాన్ని సగం కరపత్రంగానే చదవాలి. భూమి లేనోడు ఎరువేం చేసుకుంటాడు? అది భూమున్నోడి చేలోకే పోతుంది. గుంటకి జాగా మాత్రం పేట పక్కన చూస్తారు.