తిరుగుడు వేగము

మొన్నటి ఆదివారమున మా మనుమడు మీట చూచుకొనక ఒక ఎల్.పి. రికార్డును 45 వేగమున తిరుగనిచ్చెను. గంభీరముగా పాడవలసిన విద్వాంసుడు చిలుకవలె పలుకనారంభింపగా ఇంటిల్లిపాదియు నవ్విరి. నేను మాత్రము లెక్క వేసికొంటిని. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసినది 45 తిరిగినచో స్వరము 1.35 రెట్లు హెచ్చును; షడ్జమునకు శుద్ధమధ్యమము 1.33 రెట్లు గనుక, ఆయన షడ్జము మధ్యమమును సైతము ఒకింత మీరి కూర్చున్నదన్నమాట.

నా చిన్నతనమున మా యింట నుండినవన్నియు నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్లేట్లే. పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్కను ఇంచుమించు మూడు నిమిషములే పాడెడిది. అందుచే పద్యము పాడు నటుడు రాగమును లోభివలె ఖర్చుపెట్టవలసి వచ్చెడిది, నాటకపు ప్లేట్ల సెట్టు వినగోరు మేము ప్లేటు త్రిప్పుటకును, ముల్లు మార్చుటకును, కీ యిచ్చుటకును మాటిమాటికి లేవవలసి వచ్చెడిది. 1948లో కొలంబియావారు 33⅓ చుట్ల ఎల్.పి.ని వెలువరించి, సన్నని గాళ్లలో ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా సంగీతమును ఇమిడ్చిరి. మరుసటి యేడు ఆర్.సి.ఏ. విక్టర్ వారు ఏడంగుళముల 45ను తెచ్చిరి.

అయినను ఆ తీరికకు మూల్యము లేకపోలేదు. పండ్రెండంగుళముల ఎల్.పి. అంచున సెకనునకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు క్రిందుగా సాగిపోవును. లేబిలు చేరువకు వచ్చుసరికి అది 20 సెంటీమీటర్లకు దిగును. అంత ఇరుకులో సన్నని ధ్వనితరంగములు ఒకదానిపై నొకటి క్రిక్కిరిసి, ముల్లు వానిని చక్కగా అనుసరింపలేక, సకారములు బుసకొట్టును, తాళముల మ్రోత మసకబారును. 45 వేగమున అదే చోట గాడి మూడవవంతునకు మించి అధికముగా సాగును. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను ఆ వేగమున రెండు రికార్డులపై పరచిన ప్రతి నొక మిత్రుని యింట వింటిని; అందు డ్రమ్ములు వాయించిన జిమ్మీ కాబ్ కంచుతాళముపై పుల్ల తాకిడియు, దాని వెనుక కరగిపోవు నాదమును వేరువేరుగా వినవచ్చినవి. కాని పది నిమిషములకొక పర్యాయము మిత్రుడు లేచుచుండగా నా చిత్తము సంగీతముపై గాక అతని మోకాళ్లపై నిలిచెను.

వేగమే సర్వగుణమైనచో 78 అన్నిటికంటె మిన్న కావలెను గదా యందురేమో. లక్కలో రాతిపొడి కలిపి అచ్చువేసిన ఆ ప్లేటు, ముల్లు సోకినది మొదలు బరబరలాడుచునే యుండును. వేగము సంపాదించిన లాభమును పదార్థము మ్రింగివేసినది.

నా మట్టుకు సినిమాపాట 45లోనే వినుట ఇష్టము. రాగాలాపన నడుమ లేచి ప్లేటు త్రిప్పుటకంటె లోపలి గాడి కొంత మసకగా మ్రోగుటయే నాకు సహ్యము; కావున కచ్చేరీకి 33⅓యే చాలును.

మీ యింటి అటకపై తాతలనాటి 78లున్నచో మీటను ఆ అంకెకు త్రిప్పినంతనే ఎల్.పి. ముల్లు దింపకుడు. ఆ వెడల్పు గాడికి ఇంచుమించు మూడింతల లావు ముల్లు కావలెను.