గాయములపై పరిశోధన: హుస్నాబాద్ దృష్టితో ఒక విమర్శ

రోడ్డుమీద మోటారుసైకిలు బోల్తాపడినను, పొలములో ట్రాక్టరు తిరగబడినను, తాటిచెట్టు మీదినుండి గీతకార్మికుడు జారిపడినను, దెబ్బ పొట్టకు తగిలినచో లోపల జరుగునది ఒక్కటే. ప్లీహము గాని కాలేయము గాని చీలును. నెత్తురు బయటికి కనబడక ఉదరకుహరములో చేరును. నాడి వేగము హెచ్చును. కొంతసేపటికి రక్తపుపోటు పడిపోవును. పైకి చిన్న గీరుడు మాత్రమే కనబడిన మనిషి గంట రెండు గంటలలో ప్రాణము విడుచుటకు కారణమిదియే. ఇట్టి రక్తస్రావమును కనిపెట్టుట ఎట్లు, ఆపుట ఎట్లు అను ప్రశ్నలపై గడచిన యాబదియేండ్లలో విస్తారమైన పరిశోధన జరిగినది. అది ఎవరి ప్రశ్నలకు జవాబు చెప్పినదో, ఎవరి ప్రశ్నలను విడిచిపెట్టినదో విచారింపవలసి యున్నది.

ఈ విచారణకు హుస్నాబాద్ తగిన చోటు. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో నుండి, పిమ్మట సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ పట్టణము సిద్దిపేట, కరీంనగర్, హన్మకొండల నడుమ నున్నది. ఏ వైపునకు పోయినను ఇంచుమించు 40, 50 కిలోమీటర్ల ప్రయాణము. హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైమాటే. మెదక్ నుండి సిద్దిపేట మీదుగా ఎల్కతుర్తి పోవు జాతీయ రహదారి ఈ ఊరిగుండనే సాగును. చుట్టుపట్ల తాటివనములు, వ్యవసాయపు బావులు, ట్రాక్టర్లు. పట్టణములో ప్రభుత్వ ఆసుపత్రి కలదు. అయినను ఇట్టి పట్టణములనుండి తీవ్రముగా గాయపడిన వారిని పెద్ద ఆసుపత్రులకు పంపుట వాడుక. కావున ఇచ్చటి వైద్యుని మొదటి ప్రశ్న "ఏ శస్త్రచికిత్స చేయవలెను?" అనునది కాదు. "ఇతనిని ఇచ్చట ఉంచవలెనా, పంపవలెనా? పంపుటకు ముందు ఏమి చేయవలెను?" అనునదియే.

బంగారు గంట

గాయపడిన మొదటి గంటలో చికిత్స అందవలెనను మాట అమెరికాలో బాల్టిమోరు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ ప్రచారము చేసినది. దానికి "బంగారు గంట" అని పేరు. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో 108 వాహనములు మొదలైన పిమ్మట ఈ మాట తెలుగువారికిని సుపరిచితమైనది.

కాని దీనికి ఆధారమేమి? 2001 లో లెర్నర్, మాస్కటీ అను పరిశోధకులు పాత గ్రంథములన్నియు వెదకి, అరువది నిమిషములను ఆ లెక్కకు మూలమైన ప్రయోగఫలితము దొరకలేదని ప్రకటించిరి. 2010 లో ఉత్తర అమెరికాలో 3,656 మంది క్షతగాత్రులను పరిశీలించినప్పుడు, వాహనము తీసికొనిన కాలమునకును మరణములకును స్పష్టమైన సంబంధము కనబడలేదు.

దీనినిబట్టి కాలముతో పనిలేదని తలచుట పొరపాటు. ఆ దేశములో గాయపడినవారు సామాన్యముగా గంటలోపుననే ఆసుపత్రికి చేరుచుందురు. ఇరువది నిమిషములకును నలువది నిమిషములకును భేదము లేదని తేలినంతమాత్రాన, ఒక గంటకును నాలుగు గంటలకును భేదము లేదని కాదు. హుస్నాబాద్ నుండి గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోయినను, 45 కిలోమీటర్లకు 54 నిమిషములు పట్టును. ఫోను చేసి వాహనము వచ్చువరకు పట్టిన కాలము దీనికి అదనము. అనగా బంగారు గంట త్రోవలోనే గడచిపోవును. ఇట్టి దూరములలో కాలము చేయు హానిని ఆ పరిశోధన కొలువనే లేదు.

లోపలికి చూచు సాధనములు

పొట్టలో నెత్తురు చేరినదా లేదా అని తెలిసికొనుటకు అల్ట్రాసౌండ్ యంత్రము చౌకయైన సాధనము. గుండెచుట్టు, కుడిప్రక్క కాలేయమువద్ద, ఎడమప్రక్క ప్లీహమువద్ద, పొత్తికడుపులో – ఈ నాలుగు చోట్ల చూచినచో చేరిన నెత్తురు నల్లని చారవలె కనబడును. పడక ప్రక్కనే కొద్ది నిమిషములలో పరీక్ష ముగియును.

2018 లో కొక్రేన్ సంస్థవారు 34 పరిశోధనలను సమీకరించి దీని విలువను లెక్కకట్టిరి. లోపలి గాయమున్న నూరుమందిలో సుమారు 74 మందిని ఈ పరీక్ష పట్టుకొనును. 26 మందిని విడిచిపెట్టును. గాయములేని నూరుమందిలో 96 మందికి లేదనియే సరిగా చెప్పును. ఈ లెక్కలోని అర్థము గ్రహింపదగినది. నెత్తురు కనబడినచో వెంటనే నమ్మి పంపవచ్చును. కనబడకున్నంతమాత్రాన ఇంటికి పంపరాదు. ఉదరము వెనుకభాగమున స్రవించు నెత్తురును, ప్రేగునకు పడిన చిల్లిని ఈ యంత్రము తరచు చూపజాలదు. "స్కానింగులో ఏమియు లేదు" అను మాట పెక్కు ఇండ్లలో ధైర్యము కలిగించును. ఆ ధైర్యము అన్నివేళల సరియైనది కాదు. రోగిని గంటగంటకు తిరిగి చూచుట యంత్రముకంటె విలువైన పరీక్ష.

ఇక సి.టి. స్కాను సంగతి. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ దేశములలోని ఐదు ఆసుపత్రులలో 1,083 మందిపై జరిగిన పరిశోధన 2016 లో వెలువడినది. తలనుండి కటివరకు ఒకేసారి స్కాను చేసినవారిలోను, అవసరమైన భాగమునే చేసినవారిలోను మరణములు నూటికి 16 చొప్పుననే యుండెను. పరిశోధన చక్కగా జరిగినది, ఫలితము నమ్మదగినది. కాని ఆ ఐదు ఆసుపత్రులలో స్కాను యంత్రము, దానిని చదువు నిపుణుడు, శస్త్రచికిత్సాగది ఒకే కప్పు క్రింద నుండును. యంత్రము ఒక ఊరను, రోగి మరియొక ఊరను ఉన్నప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్న అందులో లేదు.

సెలైను, మందు, కత్తి

రక్తపుపోటు పడిపోయినవానికి సెలైను ధారాళముగా ఎక్కించుట పూర్వపు పద్ధతి. 1994 లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున 598 మందిపై జరిగిన ప్రయోగము దీనిని ప్రశ్నించినది. శస్త్రచికిత్సవరకు సెలైను ఆపినవారిలో నూటికి 70 మంది, ముందే ఎక్కించినవారిలో 62 మంది బ్రతికిరి. పోటు పెరిగినచో అప్పుడే కట్టిన నెత్తురుగడ్డ ఊడిపోవుననియు, నెత్తురు పలుచనగుననియు దీనికి వివరణ. అయితే వారందరు మొండెమున కత్తిపోట్లు, తుపాకిగుండ్లు తగిలినవారు. నగరములో త్వరగా శస్త్రచికిత్స అందినవారు. తాటిచెట్టునుండి పడి తలయు పొట్టయు రెండును దెబ్బతిన్నవానికి ఈ ఫలితమును అట్లే వర్తింపజేయరాదు. మెదడు దెబ్బతిన్నప్పుడు రక్తపుపోటు తగ్గుటయే మహాప్రమాదము.

ఈ పరిశోధనలన్నింటిలో పేదదేశములకు మిక్కిలి ఉపకరించినది ట్రానెక్సామిక్ ఆమ్లముపై జరిగినది. జపానులో ఒకమోటో దంపతులు కనుగొని 1962 లో ప్రకటించిన ఈ చౌకమందు, నెత్తురుగడ్డ కరగిపోకుండ కాపాడును. 40 దేశములలో 274 ఆసుపత్రులలో 20,211 మందిపై జరిగిన "క్రాష్–2" ప్రయోగము 2010 లో వెలువడినది. భారతదేశపు ఆసుపత్రులును అందులో పాల్గొన్నవి. మరణములు నూటికి 16.0 నుండి 14.5 కు తగ్గినవి. 2011 లో అదే లెక్కలను కాలమునుబట్టి విడదీయగా అసలు సంగతి బయటపడినది: మూడు గంటలలోపు ఇచ్చినచో రక్తస్రావ మరణములు తగ్గును, మూడు గంటలు దాటి ఇచ్చినచో పెరుగును.

ఈ ప్రయోగమునందును లోపములు లేకపోలేదు. అందులో చేరినవారిలో ఇంచుమించు సగముమందికే రక్తము ఎక్కించవలసి వచ్చినది. మందువలన ఎక్కించిన రక్తము తగ్గలేదు. 2023 లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీలలో 1,310 మందిపై జరిగిన ప్రయోగము వెలువడినది; అందు ఆసుపత్రి చేరకముందే ఈ మందునిచ్చుటను పరీక్షించిరి. 28 దినములలో మరణములు కొంత తగ్గినవి. కాని ఆరునెలలకు తమ పని తాము చేసికొనగలవారి సంఖ్య పెరుగలేదు. ప్రాణము దక్కుట వేరు, మరల నాగలి పట్టుట వేరు. రైతు కుటుంబమునకు రెండవది కూడ లెక్కయే.

కత్తి విషయమున గొప్ప మార్పు 1993 లో ఫిలడెల్ఫియానుండి వచ్చినది. తీవ్రగాయములలో శస్త్రచికిత్సను ఒకేసారి ముగింపక, మొదట నెత్తురును మాత్రము ఆపి, రోగి శరీరమునకు వేడి, బలము తేరిన పిమ్మట మిగిలినది చేయవలెనని రొటాండో, ష్వాబ్ మొదలగువారు చూపిరి. అతితీవ్రముగా గాయపడినవారిలో ఈ పద్ధతిన 13 మందిలో 10 మంది, పాతపద్ధతిన 9 మందిలో ఒక్కడు బ్రతికిరి. లెక్క మిక్కిలి చిన్నది; చీటీలు వేసి రోగులను విభజించిన ప్రయోగమును కాదు. అయినను దూరపు పట్టణములకు పనికివచ్చు భావమిదియే: కాలేయమును గుడ్డలతో అదిమికట్టి పెద్ద ఆసుపత్రికి పంపగల శస్త్రవైద్యుడు, మత్తువైద్యుడు, రక్తము దగ్గరలో నున్నచో నలువది కిలోమీటర్లు దాటించవచ్చును.

హైదరాబాదు నేర్పిన పాఠము

ఒకచోటి ఫలితమును మరియొకచోటికి తెచ్చుటలోని ప్రమాదము తెలంగాణమునకు క్రొత్తది కాదు. 1888, 1889 లలో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అను శస్త్రవైద్యుడు నిజాము ప్రభుత్వపు సాయముతో క్లోరోఫారముపై రెండు సంఘములను నడిపెను. జంతువులపై ప్రయోగములు చేసి, ఈ మత్తుమందు శ్వాసను ఆపి చంపునే కాని గుండెను నేరుగా ఆపదని తీర్మానించిరి. 1911 లో గుడ్‌మన్ లెవీ తేలికమత్తులో నున్న పిల్లులపై ప్రయోగించి, గుండె హఠాత్తుగా ఆగిపోవుటను చూపెను. లారీ సంఘముల కృషి చిన్నది కాదు. అవి చూచిన పరిస్థితి వేరు, రోగులు చనిపోవు పరిస్థితి వేరు.

అడుగవలసిన ప్రశ్న

2013–2015 ల నడుమ ముంబాయి, ఢిల్లీ, కలకత్తాల ప్రభుత్వాసుపత్రులలో క్షతగాత్రుల వివరములు క్రమముగా నమోదుచేసిరి. ఆసుపత్రిలో చేరినవారిలో సుమారు ఐదింట ఒకవంతు నెలలోపున మరణించిరని తేలినది. ఇది విలువైన పని. కాని మూడును మహానగరములే. త్రోవలో చనిపోయినవాడు ఆ పుస్తకమున కెక్కడు.

హుస్నాబాద్ వంటి చోటికి కావలసిన పరిశోధనకు గొప్ప యంత్రములు అక్కరలేదు. గాయపడిన వేళ, వాహనము వచ్చిన వేళ, మొదటి వైద్యుడు చూచిన వేళ, మందు ఇచ్చిన వేళ, పెద్ద ఆసుపత్రి చేరిన వేళ – ఈ అయిదును ఒక చీటీపై వ్రాసి రోగివెంట పంపినచో చాలును. గాయపడిన వేళ తెలియనిదే మూడు గంటలు దాటినవో లేదో చివరి వైద్యుడు చెప్పజాలడు; ప్రాణము పోయు మందు అప్పుడు ప్రాణము తీయు మందు కావచ్చును. గీతకార్మికులకు 2024 లో తెలంగాణ ప్రభుత్వము ప్రవేశపెట్టిన కాటమయ్య రక్షా కవచము చెట్టుమీదినుండి పడువారిని ఎంత తగ్గించినదో కూడ ఇట్టి నమోదువలననే తెలియును.

ఇంతవరకు జరిగిన పరిశోధన ఆసుపత్రి గుమ్మమునుండి లోపలికి చూచినది. మరణము పెక్కుసార్లు గుమ్మమునకు ఈవలనే జరుగుచున్నది. అచ్చట దీపము పెట్టినప్పుడే ఈ శాస్త్రము సంపూర్ణమగును.