మార్పుల చరిత్రకు తెలుగు గీటురాయి: ఓపెన్ సోర్స్ వర్షన్ కంట్రోల్ వ్యవస్థల విమర్శనాత్మక తులన

వ్యాససంగ్రహం: ఓపెన్ సోర్స్ వర్షన్ కంట్రోల్ వ్యవస్థలను వేగం, శాఖల సౌలభ్యం వంటి ప్రమాణాలతో పోల్చడం పరిపాటి. తెలుగు పాఠమే ప్రధాన వస్తువైన ప్రాజెక్టులకు ఆ ప్రమాణాలు చాలవు. ఎంత భాగం దించుకోవలసి వస్తుంది, మార్పును ఏ పరిమాణంలో కొలుస్తారు, ఎవరి పేరు ఎక్కడ నమోదవుతుంది అనే ప్రశ్నలతో చూసినప్పుడు తులనాఫలితం మారుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వర్షన్ కంట్రోల్, గిట్, సబ్‌వర్షన్, మెర్క్యూరియల్, స్థానికీకరణ, పాఠాంతరం, యూనికోడ్

ఉపోద్ఘాతం

గుంటూరు జిల్లా తాడేపల్లి మండలంలోని వడ్డేశ్వరంలో 1980లో ఏర్పడిన కోనేరు లక్ష్మయ్య ఇంజనీరింగ్ కళాశాల 2009లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. పత్తికీ మిరపకూ పేరొందిన ఈ ప్రాంతంలో, అటు విజయవాడ నుంచి ఇటు గుంటూరు దాకా, ఇంజనీరింగ్ విద్య ఒక ప్రధాన వృత్తిమార్గంగా స్థిరపడింది. ఇటువంటి చోట సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఏ వర్షన్ కంట్రోల్ వ్యవస్థ తగినదని అడిగితే వచ్చే సమాధానం సాధారణంగా ఒక్కటే: గిట్. ఉద్యోగార్థికి ఆ సమాధానం చాలు. తెలుగులో పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను, తెలుగు గ్రంథాల డిజిటల్ ప్రతులను సిద్ధం చేసేవారికి అది చాలుతుందా అన్నది ఇక్కడి విచారణ.

ఒక ఫైలులో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో భద్రపరచి, అవసరమైతే పాత రూపాన్ని తిరిగి ఇచ్చేది వర్షన్ కంట్రోల్ వ్యవస్థ. పేరు చివర ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని తగిలిస్తూ ప్రతులు దాచుకునే అలవాటుకు ఇది శాస్త్రీయ ప్రత్యామ్నాయం. సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకులకు ఆ అలవాటు గురించి వేరుగా వివరించనక్కరలేదు.

రెండు మార్గాలు

1986లో డిక్ గ్రూన్ ప్రారంభించిన సీవీఎస్, దాని లోపాలను సవరించడానికి 2000లో మొదలై 2004లో తొలి స్థిరరూపం పొందిన సబ్‌వర్షన్ కేంద్రీకృత వ్యవస్థలు. వీటిలో చరిత్ర అంతా ఒక సర్వర్‌లో ఉంటుంది. పనిచేసేవారి వద్ద తాజా ప్రతి మాత్రమే ఉంటుంది. లైనక్స్ కెర్నల్ బృందం వాడుతున్న బిట్‌కీపర్ అనే యాజమాన్య సాఫ్ట్‌వేర్ ఉచిత వినియోగం ఆగిపోవడంతో 2005 ఏప్రిల్‌లో లీనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను, అదే నెలలో మాట్ మాకల్ మెర్క్యూరియల్‌ను ఆరంభించారు. ఈ రెండూ వికేంద్రీకృతాలు. ప్రతి సభ్యుని కంప్యూటరులోనూ పూర్తి చరిత్ర ఉంటుంది. నెట్ లేకపోయినా మార్పులు నమోదు చేసుకోవచ్చు.

శాఖలు చేయడం, వాటిని కలపడం గిట్‌లో అతి తేలిక. వేగంలోనూ అది ముందుంటుంది. ఈ విషయంలో వివాదం లేదు. అయితే ఈ కొలతలన్నీ ప్రోగ్రామర్ పని నుంచి పుట్టినవి. అనువాదకుల పని వేరు, పాఠపరిష్కర్తల పని వేరు.

అనువాదకుల అనుభవం చెప్పే సాక్ష్యం

తెలుగు స్థానికీకరణ చరిత్రనే ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లకూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకూ తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఈ ప్రాజెక్టులు ఒకే దారిన నడవలేదు. గ్నోమ్ సీవీఎస్ నుంచి సబ్‌వర్షన్‌కు, అక్కడి నుంచి 2009లో గిట్‌కు మారింది. మొజిల్లా దీర్ఘకాలం మెర్క్యూరియల్‌తో సాగి, ఫైర్‌ఫాక్స్ అభివృద్ధిని గిట్‌కు తరలిస్తున్నట్లు 2023లో ప్రకటించింది. కేడీఈ 2005లో సబ్‌వర్షన్‌ను స్వీకరించింది. ప్రోగ్రాం కోడు గిట్‌కు వెళ్లిన తరువాత కూడా ఏళ్ల తరబడి అనువాదాలను సబ్‌వర్షన్‌లోనే ఉంచింది.

కేడీఈ నిర్ణయాన్ని వెనుకబాటుగా చూడటం తొందరపాటు. సబ్‌వర్షన్‌లో ఒక సంచయం నుంచి కావలసిన డైరెక్టరీని మాత్రమే దించుకోవచ్చు. తెలుగు అనువాదకులు తెలుగు డైరెక్టరీని తెచ్చుకుంటే సరిపోతుంది. పదుల కొద్దీ ఇతర భాషల ఫైళ్లు, వాటి గత చరిత్ర వారి యంత్రంలోకి రానక్కరలేదు. గిట్ సహజస్వభావం ఇందుకు విరుద్ధం. అందులో ప్రతి అంతా, చరిత్ర అంతా రావడమే మొదటి మెట్టు. పాక్షికంగా తెచ్చుకునే సదుపాయాలు గిట్‌లో తరువాత చేరాయి. 2020 జనవరిలో అందుకోసం ప్రత్యేక ఆదేశం కూడా వచ్చింది. అయినా వాటిని అమర్చుకోవడం కొత్తవారికి సులభం కాదు. అనువాదానికి వచ్చే స్వచ్ఛంద కార్యకర్త భాషోపాధ్యాయుడో, విశ్రాంత ఉద్యోగో కావచ్చు. వారిని మొదట శాఖలు, విలీనాలు, సంఘర్షణల పరిభాష నేర్చుకోమనడం గుమ్మంలోనే ఆపడం వంటిది.

విలీన సంఘర్షణ విషయంలో ఈ ఇబ్బంది మరీ స్పష్టం. అనువాదాలు సాధారణంగా పీవో అనే పాఠ్యఫైళ్లలో ఉంటాయి. ప్రతి పీవో ఫైలు తలభాగంలో చివరి సవరణ తేదీ, చివరి అనువాదకుల పేరు ఉంటాయి. ఇద్దరు వేర్వేరు వాక్యాలను అనువదించినా ఆ రెండు పంక్తులు ఢీకొంటాయి. ఆ చిక్కు విప్పేటప్పుడు ఒక్క ఉల్లేఖన చిహ్నం తప్పినా ఫైలు సంకలనం కాదు. సబ్‌వర్షన్‌లో ఫైలుకు తాళం వేసి, పని ముగిశాక విడుదల చేసే పద్ధతి ఉంది. కోడు రాసేవారికి ఇది ఆటంకమనిపించవచ్చు. ఒక ఫైలును ఒకరు చేపట్టి పూర్తిచేసే చిన్న అనువాద బృందానికి ఇదే సరళం.

పంక్తి, పాదం, అక్షరం

ఈ వ్యవస్థలన్నీ రెండు ప్రతుల భేదాన్ని అలవాటుగా పంక్తి ప్రాతిపదికపై చూపుతాయి. ప్రోగ్రాంలో ఒక పంక్తి ఇంచుమించు ఒక ఆదేశం. అందుచేత ఆ కొలత అక్కడ అర్థవంతం. తెలుగు పద్యానికీ ఇది ఆశ్చర్యకరంగా నప్పుతుంది. ఆటవెలదిని పాదానికొక పంక్తిగా ఎక్కిస్తే, మూడవ పాదంలో మారిన మాట ఏ పాదంలోదో వెంటనే కనిపిస్తుంది. వచనంలో పరిస్థితి భిన్నం. ఒక పేరా మొత్తం ఒకే పంక్తిగా నిల్వ అయితే, అందులో ఒక దీర్ఘం సరిదిద్దినా పేరా అంతా తొలగి కొత్త పేరా వచ్చినట్లు నమోదవుతుంది. గిట్‌లో పదాల వారీగా భేదం చూపే సదుపాయం ఉన్నా, అది విరామస్థలాన్ని ఆధారం చేసుకుంటుంది. సంధితో, ప్రత్యయాలతో దీర్ఘమయ్యే తెలుగు పదానికి అది స్థూలమైన కొలత. ఇంకా సూక్ష్మంగా సంకేతస్థాయిలో విడగొడితే ‘కి’ అనే అక్షరం హల్లుగానూ గుడిగానూ చీలిపోతుంది. పాఠకులు అక్షరంగా గుర్తించేది ఈ రెండు కొలతల మధ్యన ఎక్కడో జారిపోతుంది.

కంటికి కనపడని భేదాలు ఇంతకంటే చిక్కైనవి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వమూ దానికి చేరే పొడిగింపు గుర్తూ అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద ‘తైలం’ ఒకలాగే కనిపిస్తుంది. గిట్ పోల్చేది బైట్లను. దాని దృష్టిలో ఇవి రెండు వేర్వేరు పాఠాలు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లును విడిగా నిలపడానికి వాడే శూన్యవెడల్పు సంకేతం సంగతీ ఇంతే: ఉన్నదో లేదో భేదపట్టికలో చూపు పట్టుకోలేదు. ఈ లోపం గిట్‌కే పరిమితం కాదు. సబ్‌వర్షన్, మెర్క్యూరియల్ కూడా ఫైలులోని పాఠాన్ని సమీకరించవు. అందువల్ల తెలుగు ప్రాజెక్టుకు వ్యవస్థ ఎంపిక కన్నా ముందు, నమోదుకు ముందే పాఠాన్ని ఒకే యూనికోడ్ రూపంలోకి తెచ్చే నియమం అవసరం. ప్రచారంలో ఉన్న తులనాపట్టికల్లో ఈ అంశానికి గడి ఉండదు.

ఫైలుపేర్లలోనూ పక్షపాతం తెలుస్తుంది. ‘వేమన’ అని తెలుగులో పేరు పెట్టిన ఫైలును గిట్ తన సహజ అమరికలో 340, 260, 265 వంటి పన్నెండు అష్టమాన సంఖ్యలుగా చూపుతుంది. ఒక్క అమరిక మార్చితే సరిపోయే సంగతే. కానీ ఆ అమరిక తెలియని విద్యార్థి తెలుగు పేర్లు పనికిరావనే నిర్ణయానికి వచ్చి ఆంగ్ల లిపికి మళ్లుతాడు. సాంకేతికంగా చిన్నదైన ఈ లోపం ఫలితంలో చిన్నది కాదు.

విలీనమూ పాఠాంతరమూ

1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ పలుచోట్ల నుంచి తాళపత్ర ప్రతులను సేకరించి, కడపలో పండితుల సహాయంతో పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. లేఖకుల చేతుల్లో కొమ్మలు చీలిన పాఠాన్ని దగ్గరకు చేర్చే ఆ పనికీ నేటి విలీనానికీ పోలిక చెప్పడం సులభమే. తేడా గమనించడం అంతకన్నా ముఖ్యం. గిట్‌లో రెండు శాఖలు ఒకే పంక్తి వద్ద విభేదిస్తే, సాధారణ పద్ధతిలో ఒక నిర్ణయం తీసుకుని విలీనం ముగించాలి. ఓడిన పాఠం చరిత్రలోకి వెళ్తుంది; వెతికినవారికి దొరుకుతుంది, చదివేవారికి కనిపించదు. పాఠపరిష్కరణలో పాఠాంతరం పుట అడుగునే నిలుస్తుంది. దాన్ని తిరస్కరించిన పరిష్కర్తే దాన్ని పాఠకుని ముందు ఉంచుతాడు. కనుక డిజిటల్ ప్రతి చరిత్రను గిట్‌లో భద్రపరిచినంత మాత్రాన పాఠాంతర సూచిక సిద్ధమైనట్లు భావించరాదు. సంఘర్షణను కూడా సంచయంలో సహజస్థితిగా నిలపగల పిజుల్ వంటి వ్యవస్థలు ఈ దృష్టితో పరిశీలించదగినవి. వాటి వాడుకవర్గం ఇంకా చిన్నది.

నమోదయ్యే పేరు

గిట్‌కు నిస్సందేహంగా మొగ్గు చూపవలసిన అంశం కర్తృత్వం. అది మార్పు రాసినవారినీ దాన్ని సంచయంలో చేర్చినవారినీ వేర్వేరుగా నమోదు చేస్తుంది. సబ్‌వర్షన్ నమోదులో ఉండేది చేర్చినవారి పేరు ఒక్కటే. అనువాదాన్ని సమన్వయకర్త చేర్చితే, అసలు అనువాదకుల పేరు వ్యాఖ్యలోనో, పీవో తలభాగంలోనో మిగలాలి. స్వచ్ఛందంగా ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ గిట్‌కూ గిట్‌హబ్‌కూ మధ్య భేదం గుర్తించాలి. గిట్ ఓపెన్ సోర్స్. 2018లో మైక్రోసాఫ్ట్ సొంతం చేసుకున్న గిట్‌హబ్ వేదిక అటువంటిది కాదు. బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్ సంచయాలకు ఆశ్రయం నిలిపివేసినప్పుడు ఆ వ్యవస్థలో లోపమేమీ పుట్టలేదు, ఉండే చోటు పోయింది. విద్యార్థుల ప్రాజెక్టును గిట్‌హబ్ ఖాతాలోని నమోదుల సంఖ్యతో లెక్కించే పద్ధతి ఈ భేదాన్ని చెరిపేస్తుంది. అందులో నష్టపోయేది ముఖ్యంగా అనువాదకులు. మొజిల్లా పొంటూన్ వేదికపై బ్రౌజరులోనే తెలుగు వాక్యాలు అనువదించినవారి పనిని ఆ వేదికే సంచయంలోకి పంపుతుంది. సహరచయితలుగా వారి పేర్లు నమోదు వ్యాఖ్యలోని చివరి పంక్తుల్లో ఉంటాయి. మూల్యాంకనం చేసే అధ్యాపకులు ఆ పంక్తుల దాకా చదివితేనే ఆ పని కనిపిస్తుంది.